వెల్మా కోసం వెతుకులాట

డిటెక్టివ్ నవల అంటే ఒకప్పుడు మన ఇళ్ళలో దిండు కింద దాచుకునే పుస్తకం. అద్దె పుస్తకాల షాపు నుంచి తమ్ముడి చేత తెప్పించుకుని, మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక, పెద్దవాళ్ళు కునుకు తీసే వేళ చదివేసి, సాయంత్రానికల్లా తిరిగి పంపించెయ్యాలి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ అలాగే మన ఇళ్ళలోకి వచ్చాడు. ఆయన వెనకాలే అసిస్టెంటు రాజూ వచ్చాడు. యుగంధర్ ఉన్నాడంటే మనకి ధైర్యం. ఎన్ని హత్యలు జరగనీండి, ఆఖరి పేజీకల్లా హంతకుడు దొరుకుతాడు, మనం నిశ్చింతగా లేచి కాఫీ పెట్టుకోవచ్చు.

ఆఖరి పేజీ అయ్యాక కాఫీ పెట్టుకోబుద్ధి కాని డిటెక్టివ్ నవలలు కూడా ఉన్నాయి. అవి అమెరికాలో పుట్టాయి. వాటిని 'హార్డ్‌బాయిల్డ్' నవలలు అంటారు. గట్టిగా ఉడికిన కోడిగుడ్డుని అలా అంటారు కదా, అదే మాట. అందులో కథానాయకుడు నలభైకి దగ్గరపడుతున్న మగవాడు. ఒకప్పుడు పోలీసుల్లోనో, ప్రభుత్వ ప్రాసిక్యూటర్ ఆఫీసులోనో పనిచేసి బయటికొచ్చినవాడు. పెళ్ళాం పిల్లలు ఉండరు. బల్ల సొరుగులో విస్కీ సీసా ఉంటుంది. నోరు తెరిస్తే వెటకారం. అతని గదిలోకి ఒక అందమైన ఆడమనిషి వస్తుంది, ఒక అబద్ధం చెబుతుంది. రెండొందల పేజీల తరవాత ఎవరి ప్రేమో ఒకరిది మట్టిపాలవుతుంది. ఎవరివల్లయ్యా అంటే, ఆ ఆడమనిషి వల్ల.

ఈ రకం నవలలు నేను ఇష్టంగానే చదివాను, ఇప్పటికీ చదువుతాను. కానీ ఆ చివరి మాట దగ్గర ప్రతిసారీ మనసు మొరాయిస్తుంది. ఒక కథలో ఆడది ద్రోహం చేసిందంటే సరే, లోకంలో అలాంటివాళ్ళూ ఉంటారు. పది కథల్లోనూ ఆడదే ద్రోహి అయితే మాత్రం, ఈ రాసేవాళ్ళకి ఆడవాళ్ళతో పేచీ ఏమిటా అని అనుమానం రాదూ? అందుకని ఆ రాసినవాళ్ళ ఇళ్ళలోకి కొంచెం తొంగి చూడాలనిపించింది. పక్కింట్లోకి తొంగి చూడటం మర్యాద కాదంటారు గానీ, చరిత్ర పుస్తకాలు చదవడం అంటే అదే పని కదండీ!

ముందు ఈ నవలలు పుట్టిన చోటు చెప్పాలి. 1920లో హెచ్. ఎల్. మెంకెన్, జార్జ్ జీన్ నాథన్ అనే ఇద్దరు సంపాదకులు 'బ్లాక్ మాస్క్' అనే పత్రిక పెట్టారు. దాని మీద ప్రేమతో కాదు. వాళ్ళు నడుపుకునే సాహిత్య పత్రిక 'స్మార్ట్ సెట్'కి డబ్బు చాలక, ఈ నేరకథల పత్రికతో నాలుగు రాళ్ళు సంపాదించి దానికి పొయ్యాలని. కొన్ని నెలలు నడిపి, లాభానికి అమ్మేసి చేతులు దులుపుకున్నారు. ముట్టుకుంటే గరుకుగా ఉండే చవక కాయితం మీద అచ్చయ్యే ఆ పత్రికే తరవాత ఒక సాహిత్యానికి పుట్టిల్లయింది. ఆ సంవత్సరమే అమెరికాలో మద్యనిషేధం వచ్చింది. 1933 దాకా ఉంది. నిషేధం వల్ల తాగుడు తగ్గలేదు గానీ దొంగసారా వ్యాపారులు కోటీశ్వరులయ్యారు, వాళ్ళ దగ్గర మామూళ్ళు పుచ్చుకునే పోలీసులూ, మేయర్లూ పుట్టుకొచ్చారు. అలాంటి ఊళ్ళలో బతికే జనానికి, ఇంగ్లండు పల్లెటూరి బంగళాలో టీ తాగుతూ హంతకుణ్ణి పట్టుకునే కథలు రుచించకపోవడంలో వింతేముంది?

ఆ పత్రికలో రాసినవాళ్ళలో నిజంగా డిటెక్టివు ఉద్యోగం చేసి మానేసినవాడు ఒకడున్నాడు. డాషియల్ హామెట్. 1894లో పుట్టాడు, హైస్కూలు చదువైనా పూర్తి కాలేదు. 1915లో పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో చేరాడు. దొంగల వెనక నడవడం, గుమ్మాల దగ్గర గంటలకొద్దీ నిలబడటం, అబద్ధం చెప్పేవాడి మొహం చూసి పోల్చుకోవడం అక్కడ నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరితే, తుపాకీ గుండు తగల్లేదు గానీ ఇన్‌ఫ్లూయెంజా తగిలింది. దాని వెంట క్షయ పట్టుకుంది. ఆస్పత్రిలో తనకి సేవ చేసిన నర్సు జోసెఫీన్ డోలన్‌ని 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెళ్ళి చేసుకున్నాడు. ఊపిరితిత్తులు సహకరించక మరుసటి ఏడు డిటెక్టివు పని మానేశాడు. ఇంట్లో కూర్చుని చేయగల పని కనక కథలు రాయడం మొదలుపెట్టాడు.

1926లో జబ్బు తిరగబెట్టింది. అప్పటికి ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది చంకలో పిల్ల. క్షయ పిల్లలకి అంటుకుంటుందని, భార్యాబిడ్డల్ని వేరే ఇంట్లో ఉంచమని ఆరోగ్యశాఖవాళ్ళు చెప్పారు. ఆవిడ పిల్లల్ని తీసుకుని వేరే ఉండటం మొదలుపెట్టింది. వేరే ఇంట్లో ఉన్న భార్య దగ్గరికి వారానికోసారి చుట్టంలా వెళ్ళి రావడం ఎంతకాలం సాగుతుంది? ఆ కాపురం మళ్ళీ సరిగ్గా అతుక్కోలేదు. అందులో ద్రోహమేదీ లేదు, నల్లటి ముసుగు వేసుకున్న మాయలాడి ఎవరూ లేరు. ఒక జబ్బు, రెండు అద్దె ఇళ్ళు, చాలీచాలని డబ్బు.

1930లో అతని 'మాల్టీస్ ఫాల్కన్' పుస్తకంగా వచ్చింది. అందులో శామ్ స్పేడ్ అనే డిటెక్టివు తాను మోజుపడ్డ అమ్మాయినే పోలీసులకి అప్పగిస్తాడు, తన భాగస్వామిని చంపింది ఆమే కనక. (ముగింపు చెప్పేశానని కోపగించుకోకండి. తొంభై ఏళ్ళు దాటిన పుస్తకం, సినిమా కూడా మూడుసార్లు తీశారు.) ఆడదాన్ని నమ్మకూడదని చెప్పే నవలలన్నిటికీ పెద్దక్క లాంటి పుస్తకం అది. దాన్ని ఎవరికి అంకితమిచ్చాడో తెలుసా? 'జోస్'కి. అంటే భార్య జోసెఫీన్‌కి. అప్పటికి ఆయన ఆవిణ్ణీ పిల్లల్నీ పడమటి తీరాన వదిలి న్యూయార్కు చేరుకున్నాడు. ఆ అంకితం పేజీ చూసినప్పుడు ఆవిడ ఏమనుకుందోనని నేను చాలాసార్లు ఆలోచించాను.

తరవాత నాటకకర్త లిలియన్ హెల్మన్‌తో స్నేహం కలిసింది. చివరిదాకా తెగుతూ అతుక్కుంటూ సాగింది. 1934లో వచ్చిన 'థిన్ మాన్' నవలలో కథానాయకుడు ఉద్యోగం మానేసిన డిటెక్టివు, పక్కన సరదాగా కబుర్లు చెప్పే భార్య. హామెట్ ఇరవయ్యేడేళ్ళు ఆ తరవాత బతికి కూడా మరో నవల పూర్తి చెయ్యలేదు. తాగుడు సగం కారణం. తక్కిన సగం నాకు అంతుపట్టదు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. రేమండ్ చాండ్లర్. ఈయన పోలీసు కాదు, డిటెక్టివు కాదు. 1888లో షికాగోలో పుట్టాడు. తండ్రి వదిలేసి పోతే తల్లి పిల్లాణ్ణి వెంటబెట్టుకుని ఇంగ్లండు వెళ్ళింది. అక్కడ డల్విచ్ కాలేజీలో లాటినూ గ్రీకూ చదువుకున్నాడు. తరవాత అమెరికా తిరిగొచ్చి, యుద్ధానికి వెళ్ళొచ్చి, లాస్ ఏంజిలిస్‌లో చమురు కంపెనీలో చేరి వైస్ ప్రెసిడెంటు దాకా ఎదిగాడు. 1932లో తాగుడు వల్లా, ఆఫీసుకి సరిగ్గా రాకపోవడం వల్లా, ఆఫీసులో ఆడపిల్లలతో నడిపిన వ్యవహారాల వల్లా ఉద్యోగం పోయింది. అప్పటికి నలభైనాలుగేళ్ళు. దేశమంతా ఆర్థికమాంద్యం.

ఆ వయసులో మొదటినుంచి కొత్త పని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పెరీ మేసన్ కథలు రాసిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ మనకి బాగా తెలిసినవాడే. ఆయన కథ ఒకటి తీసుకుని, సారాంశం రాసుకుని, దాన్నిబట్టి తన మాటల్లో మళ్ళీ కథ రాసి, అసలుదానితో పక్కపక్కన పెట్టి చూసుకునేవాడట చాండ్లర్, ఎక్కడ తేలిపోయిందా అని. కొత్త కోడలు అత్తగారి పులుసు రుచి చూసి, తనది రుచి చూసుకున్నట్టు. అలా అయిదు నెలలు కష్టపడి రాసిన మొదటి కథ 1933 డిసెంబరులో 'బ్లాక్ మాస్క్'లో పడింది. 180 డాలర్లు ఇచ్చారు. అయిదు నెలల శ్రమకి ఆ డబ్బు ఏ మూలకి! ఇల్లు ఎలా గడిచిందో ఇల్లాలికే తెలియాలి. ఆ ఇల్లాలి సంగతి తరవాత చెబుతాను.

1940లో వచ్చింది ఆయన రెండో నవల 'ఫేర్‌వెల్, మై లవ్లీ'. నా దృష్టిలో ఈ జాతి నవలలన్నిటిలోకీ అదే మేలు. కథ ఇది. మూస్ మాలోయ్ అని ఒకడు, భీముడంతటి మనిషి, బాంకు దోపిడీ కేసులో ఎనిమిదేళ్ళు జైల్లో ఉండి బయటికొస్తాడు. రాగానే ఒకటే ధ్యాస: వెల్మా ఎక్కడ? ఎనిమిదేళ్ళ కిందట ఒక చిన్న సారా హోటల్లో పాటలు పాడే అమ్మాయి. పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. ఆఖరి ఆరేళ్ళుగా ఆమె ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు, అయినా వాడికి ఆమె మీద కోపం లేదు. ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నాడు. వెతుక్కుంటూ పాత చోటికే పోతాడు. అది ఇప్పుడు నల్లజాతివాళ్ళ హోటలైపోయింది. అక్కడ దాని యజమానిని, వాడి బలం వాడికే తెలియక, చంపేస్తాడు. ఆ కేసు చూసే పోలీసుకి ఏమీ పట్టదు. చచ్చినవాడు నల్లవాడు, పేపర్లో నాలుగు లైన్లు కూడా పడవు, ఎందుకు శ్రమ? ఈ సంగతిని చాండ్లర్ ఉపన్యాసం ఇవ్వకుండా, ఆ పోలీసు విసుగులోనే చూపించి ఊరుకుంటాడు.

ఆ సమయానికి అక్కడే ఉన్నాడు ఫిలిప్ మార్లో. ప్రాసిక్యూటర్ ఆఫీసులో పరిశోధకుడిగా చేసి, పైవాళ్ళకి ఎదురుచెప్పాడని ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివు. ఎవరూ డబ్బివ్వకపోయినా వెల్మా కోసం వెతకడం మొదలుపెడతాడు. తాగుడుకి బానిసైన ఒక విధవ ఇల్లు, మెడలోంచి పోయిన ఒక పచ్చరాళ్ళ హారం, ఒక దొంగ జ్యోతిష్కుడు, మత్తుమందిచ్చి బంధించే ఒక ఆస్పత్రి, ఇలా తిరిగి తిరిగి ఒక ముసలి కోటీశ్వరుడి ఇంటికి చేరుతుంది కథ. ఆయన భార్య, బంగారురంగు జుట్టు మహారాణి, మిసెస్ గ్రేల్. ఆమే వెల్మా. పాత పేరు తెలిసినవాళ్ళని ఒక్కొక్కరినీ అడ్డు తొలగించుకుంటోంది. ఆఖరికి మార్లో గదిలో, తలుపు చాటునుంచి మాలోయ్ బయటికొచ్చి ఆమెను పేరుపెట్టి పిలిస్తే, తుపాకీలో గుండ్లు అయిపోయేదాకా కాలుస్తుంది. ఎనిమిదేళ్ళు ఎదురుచూసినవాడికి అదీ బహుమానం.

ఇక్కడిదాకా చదివితే మళ్ళీ పాత పాటే అనిపిస్తుంది, ఆడదే విషం. కానీ ఆఖరి పేజీలు నిదానంగా చదవాలి. వెల్మా పారిపోయి, కొన్నాళ్ళకి బాల్టిమోరులో ఒక నైట్‌క్లబ్బులో మళ్ళీ పాటలు పాడుకుంటూ దొరుకుతుంది. తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చింది, పాపం. గుర్తుపట్టిన పోలీసుని కాల్చి, తనని తాను కాల్చుకుంటుంది. అప్పుడు మార్లో ఒక మాటంటాడు: కోర్టుకెక్కితే ఆ ముసలి మొగుడి పరువు బజారున పడేది, బహుశా ఆయన్ని తప్పించడానికే చచ్చిపోయిందేమో అని. పోలీసు అధికారి నమ్మడు. మనం కూడా సగమే నమ్ముతాం. కానీ రాసినవాడు ఆ మాట అననిచ్చాడు చూడండి, అది నాకు నచ్చింది. తనకంటె ఎంతో పెద్దవాణ్ణి చేసుకున్న మనిషికి అతనిమీద ప్రేమ ఉండకూడదా అని అడిగినట్టుంది.

ఈ నవలలో ఇంకో విశేషం ఉంది. అందులో మంచివాళ్ళందరూ పోలీసు ఉద్యోగం పోయినవాళ్ళే. మార్లో సంగతి సరే. జూదం ఓడ మీదికి అతన్ని రహస్యంగా చేర్చే రెడ్ అనే పడవవాడు ఒకప్పుడు పోలీసు, నిజాయితీ ఎక్కువై బయటికొచ్చాడు. మార్లోకి సాయపడే చక్కటి పిల్ల ఆన్ రియార్డన్ ఉంది, ఆమె తండ్రి ఒకప్పుడు పోలీసు చీఫ్. జూదగాళ్ళు తమవాణ్ణి మేయరుగా నిలబెట్టి గెలిపించుకోగానే ఆయన ఉద్యోగం పోయింది. యూనిఫారం వేసుకున్నవాడు దొంగ, విప్పేసినవాడు దొర. ఇంత తలకిందులు లోకం ఎక్కడైనా ఉంటుందా అనుకుంటాం.

ఉండేది. చాండ్లర్ ఆ నవల రాయడానికి ముందరి రెండుమూడేళ్ళ లాస్ ఏంజిలిస్ సంగతులు చూడండి. క్లిఫర్డ్ క్లింటన్ అని భోజన హోటళ్ళు నడుపుకునే ఆయన, ఊళ్ళో లంచగొండితనం మీద పోరాటం మొదలుపెట్టాడు. 1937 అక్టోబరులో ఆయన ఇంట్లో బాంబు పేలింది. ఆ పోరాటానికి సాక్ష్యాలు సేకరించే పని హారీ రేమండ్ అనే ప్రైవేటు డిటెక్టివు చూస్తున్నాడు. ఆయన పాత పోలీసు, శాన్ డియాగోలో చీఫ్‌గా కూడా చేశాడు. ఆయనా కడిగిన ముత్యమేమీ కాదు లెండి. 1938 జనవరి 14న కారు స్టార్టు చేసేసరికి బాంబు పేలింది. ఒళ్ళంతా వందకు పైగా గాయాలైనా బతికాడు. పెట్టింది ఎవరయ్యా అంటే పోలీసులే! నగర పోలీసు శాఖలో నిఘా విభాగం నడిపే కెప్టెన్ ఎర్ల్ కినెట్‌కి ఆ కేసులో శిక్ష పడింది. జనం మండిపడి, ఆ సెప్టెంబరులోనే మేయర్ ఫ్రాంక్ షాని ఓట్లేసి మధ్యలో దింపేశారు.

జూదం ఓడలు కూడా కల్పన కాదు. ఒడ్డునుంచి మూడుమైళ్ళు దాటితే రాష్ట్ర చట్టం వర్తించదని, టోనీ కార్నెరో అనేవాడు 1938లో శాంటా మోనికా ఎదురుగా సముద్రంలో 'రెక్స్' అనే ఓడ నిలబెట్టి అందులో జూదశాల పెట్టాడు. చిన్న మోటారు పడవల్లో జనం రాత్రీపగలూ తిరునాళ్ళకి పోయినట్టు పోయేవారు. 1939 ఆగస్టులో రాష్ట్ర అటార్నీ జనరల్ ఎర్ల్ వారెన్, ఆ తరవాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయినాయన, పడవల నిండా అధికారుల్ని పంపిస్తే, కార్నెరో నిప్పార్పే గొట్టాలతో వాళ్ళమీద నీళ్ళు కొట్టించాడు. కొన్నిరోజులు అలా మొండికేసి, చివరికి లొంగిపోయాడు. నవలలో శాంటా మోనికాకే 'బే సిటీ' అని పేరు మార్చాడు చాండ్లర్.

ఊరుని ఇలా ఉన్నదున్నట్టు రాసినవాడు ప్రేమ దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఉన్నదున్నట్టు రాయలేదు? ఇప్పుడు ఆ ఇల్లాలి సంగతి.

ఆవిడ పేరు పెర్ల్ యూజీనీ హర్ల్‌బర్ట్. అందరూ సిస్సీ అనేవారు. ఒహాయో రాష్ట్రంలో 1870లో పుట్టింది. చక్కటి మనిషి, పియానో బాగా వాయించేది. చాండ్లర్‌కి పరిచయమైనప్పటికి జూలియన్ పాస్కల్ అనే సంగీత విద్వాంసుడి భార్య. 1920లో విడాకులు తీసుకుంది. కానీ చాండ్లర్‌తో పెళ్ళికి ఆయన తల్లి ఒప్పుకోలేదు. కొడుకుని ఒంటిచేత్తో పెంచిన తల్లి, ఆవిణ్ణి కాదని చేసుకోలేక కొడుకు ఆగాడు. 1923లో తల్లి పోయాక, 1924 ఫిబ్రవరి 6న పెళ్ళయింది. అప్పుడు వరుడికి ముప్ఫయ్యయిదు. వధువు తన వయసు నలభైమూడని రాయించింది. అసలు వయసు యాభైమూడు.

పెళ్ళిచూపుల్లో పిల్ల వయసు ఏడాదో రెండేళ్ళో తగ్గించి చెప్పడం మనవాళ్ళకేం కొత్త కాదు. ఆవిడ ఏకంగా పదేళ్ళు తగ్గించింది. నాకు నవ్వు రాలేదు. పద్ధెనిమిదేళ్ళు చిన్నవాడైన మగవాడి పక్కన నిలబడాలంటే ఆ పదేళ్ళు ఎక్కడో దాచిపెట్టక ఏం చేస్తుంది? ఇదే తేడా మొగుడు పెద్దవాడైతే ఎవరూ కిక్కురుమనరు. ఆ తరవాత జుట్టుకి రంగు, పడుచు బట్టలు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనన్న సంకోచం. వెల్మా కూడా పేరు మార్చుకుని, జుట్టురంగు మార్చుకుని, పాత జీవితం దాచిపెట్టుకున్న మనిషే. ఆవిణ్ణి చూసి ఈవిణ్ణి రాశాడని నేననను. కానీ దాచుకునే ఆడదాని భయం ఎలా ఉంటుందో ఆయన వేరే ఎక్కడికో వెళ్ళి నేర్చుకోవలసిన అవసరం లేకపోయింది.

ఆయన మంచి మొగుడేమీ కాదు. ఉద్యోగం పోవడానికి కారణాలు పైన చెప్పాను. అందులో ఆవిడ చేసిన ద్రోహం ఏముంది? ఉద్యోగం పోయాక, అరవై రెండేళ్ళ వయసులో, కాసులు లెక్కపెట్టుకుంటూ ఇల్లు నడిపింది. స్థిరంగా ఒక ఇల్లంటూ లేదు. ఏడాదికో రెండుసార్లో సామాన్లు కట్టుకుని ఇల్లు మారేవారు. 'ఫేర్‌వెల్, మై లవ్లీ' వచ్చేనాటికి ఆవిడకి డెబ్భై. పడుచుదాని అందం మగవాణ్ణి ఎలా చంపుతుందో బయట జనం చదువుతుంటే, ఆ రాసినాయన ఇంట్లో ముసలి భార్యకి మందులిచ్చి, సాయంత్రం టీ పెట్టి, రేడియోలో సంగీత కచేరీ పెట్టి పక్కన కూర్చునేవాడు. 1940ల్లో హాలీవుడ్‌కి వెళ్ళి సినిమాలకి రాసి డబ్బు సంపాదించాడు. 1946లో లా హోయా అనే సముద్రతీరపు ఊళ్ళో ఇల్లు కొన్నారు. కిటికీలోంచి పసిఫిక్ సముద్రం కనబడుతుంది. ఆవిడకి దక్కిన మొదటి సొంతిల్లు లాంటి ఇల్లు అదే, డెబ్భయ్యారేళ్ళకి.

అక్కడే ఆవిడ ఊపిరితిత్తుల జబ్బుతో మెల్లిమెల్లిగా తగ్గిపోతూ వచ్చింది. పక్క గదిలో ఆయన 'ద లాంగ్ గుడ్‌బై' రాశాడు. 1953లో అచ్చయింది. మొదటి ప్రతి చదివిన ఏజెంట్లు, మార్లో మరీ మెత్తబడిపోయాడు, ఇలాగైతే ఎలా అన్నారట. చాండ్లర్‌కి ఎంత కోపం వచ్చిందంటే ఆ ఏజెంట్లనే వదిలేసుకున్నాడు. భార్య మంచం పక్కన కూర్చుని రాసేవాడు మెత్తబడక ఏం చేస్తాడు? ఆ నవలలోనూ హంతకురాలు ఆడదే, ఐలీన్ వేడ్. కానీ ఈసారి ప్రేమ పోగొట్టుకున్నది ఆవిడ. యుద్ధంలో మొగుడు చచ్చిపోయాడనుకుని, అతని గుర్తుని మెళ్ళో వేసుకుని తిరిగిన మనిషి. అతను బతికే ఉన్నాడు, పూర్తిగా మారిపోయి, ఇంకొకరి మొగుడై ఉన్నాడు. వెల్మా కోసం మాలోయ్ వెతికాడు. ఇక్కడ వెతుకులాట ఆడమనిషికి వచ్చింది. చాండ్లర్‌కి ఆ దుఃఖం ఆడవాళ్ళకి కూడా ఉంటుందని రాయడానికి అరవై నాలుగేళ్ళు వచ్చాయి. ఆలస్యమే అనుకోండి, రాశాడు.

1954 డిసెంబరు 12న సిస్సీ పోయింది. తమ కాపురం ఎన్నాళ్ళు సాగిందో, ఏళ్ళూ నెలలూ రోజులతో సహా లెక్కగట్టి స్నేహితుడికి ఉత్తరం రాశాడు చాండ్లర్. ఆమే తన జీవితానికి వెలుగని, తన పుస్తకాల్లో ఏదీ ఆమెకి అంకితమిచ్చేంత మంచిది కాలేదని చెప్పుకున్నాడు. బతికుండగా ఒక పుస్తకం మొదటి పేజీలో ఆవిడ పేరు రాస్తే పోయేదేముందో నాకైతే అర్థం కాదు. హామెట్ భార్యని వదిలేసి పుస్తకం అంకితమిచ్చాడు, ఈయన చివరిదాకా పక్కనుండి ఒక్కటీ ఇవ్వలేదు. మగవాళ్ళ లెక్కలు అలా ఉంటాయి.

రెండు నెలలు దాటగానే, తాగిన మైకంలో స్నానాలగదిలో తుపాకీతో కాల్చుకోబోయాడు. గుండు తప్పిపోయింది. పోలీసులొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇల్లు అమ్మేశాడు. లండనుకి, కాలిఫోర్నియాకి మధ్య ఊగిసలాడుతూ, దయగా మాట్లాడిన ప్రతి ఆడమనిషికీ పెళ్ళి చేసుకుందామంటూ నాలుగేళ్ళు గడిపాడు. 1959 మార్చి 26న న్యుమోనియాతో లా హోయాలో పోయాడు. శాన్ డియాగోలో మౌంట్ హోప్ శ్మశానంలో పూడ్చిపెట్టారు. వచ్చినవాళ్ళు ఇరవై మంది కూడా లేరు.

సిస్సీ అక్కడ లేదు. ఆవిణ్ణి దహనం చేశారు. అస్థికలు ఎక్కడ ఉంచాలో, తాను పోయాక ఏం చెయ్యాలో చాండ్లర్ ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. నవలలో ఎన్ని ముడులైనా వేసి విప్పగలిగినవాడు ఈ ఒక్క పనీ చూసుకోకుండా వెళ్ళిపోయాడు. అడిగే పిల్లలు లేరు. సైప్రస్ వ్యూ అనే సమాధి మందిరంలో, సామాన్ల గదిలో ఒక అలమర మీద, తీసుకెళ్ళేవాళ్ళు లేని తక్కిన పెట్టెలతోపాటు ఆవిడ పెట్టె కూడా ఉండిపోయింది. యాభయ్యారేళ్ళు.

చాండ్లర్ పుస్తకాలంటే ప్రాణమిచ్చే ఒక అభిమాని దాని జాడ కనిపెట్టాడు. బంధువు కాడు కనక కోర్టుకి వెళ్ళాలి. సినిమా నటుడు జాన్ వేన్ కూతురు ఐసా వేన్ లాయరు, ఆవిడ డబ్బు పుచ్చుకోకుండా కేసు నడిపింది. 2010లో జడ్జి సరేనన్నాడు. 2011 ఫిబ్రవరి 14న, అక్కడివాళ్ళు ప్రేమికుల రోజనే రోజున, పాతకాలపు కార్లు ముందూ వెనకా నడుస్తుండగా, జాజ్ బాండు వాయిస్తుండగా ఆ పెట్టెని తీసుకొచ్చి ఆయన సమాధిలో ఉంచారు. ఈసారి వందమంది దాకా వచ్చారు. కొత్త రాయి మీద ఇద్దరి పేర్లూ చెక్కించారు. అలమర ఉన్న ఆ మందిరానికీ, ఆయన సమాధికీ దూరం ఎంతో కాదు, నడిచి వెళ్ళిపోవచ్చు.